దొరసానికి మా అమ్మ చెప్పిన పాఠం

నాకు ముక్కు మీదే కోపమని మా ఇంట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఆ కోపం తప్పకుండా వచ్చే సందర్భం ఒకటుంది. "రబ్బరు తోటలో పుట్టారు కదా, ఇంత చదువు ఎలా అబ్బింది?" అని ఎవరైనా జాలిపడుతూ అడిగినప్పుడు. అడిగినవాళ్ళే జవాబు కూడా చెప్పేస్తారు. అమెరికా వాళ్ళ బడి పుణ్యమని ఒకరు, ఇంగ్లీషు వాళ్ళ బడి పుణ్యమని ఇంకొకరు. నేను రెండింటిలోనూ చదివాను. రెండూ నాకు ఇష్టమే. అవి ఒకదానికొకటి ఎంత తేడాగా ఉండేవో, ఆ తేడా మధ్యన పడి నా చదువు ఎలా ఆగిపోబోయిందో చెప్తాను. విన్నాక ఎవరి పుణ్యమో మీరే తేల్చుకోండి.

మాది బంటింగ్ దగ్గర తోట. నేను పుట్టకముందే మా అమ్మా నాన్నా విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి మలయా వచ్చారు. రబ్బరు రేకుల్ని ఆరబెట్టే పొగ ఇంట్లో నిప్పు చూసుకోవడం నాన్న పని. అమ్మ చెట్లు గీసేది. మన వైపు కల్లు కోసం తాడిచెట్లు గీసినట్టే అనుకోండి, కాకపోతే చెట్టెక్కక్కర్లేదు. నేల మీద నిలబడి బెరడు మీద ఏటవాలుగా గాటు పెడితే, తెల్లటి పాలు జారి కింద కట్టిన చిప్పలో పడతాయి. తెల్లవారుజామున హాజరు పిలిచే చోట నిలబడి, పేరు పిలిస్తే పలికి, కత్తీ బకెట్టూ పట్టుకుని అమ్మ చెట్లలోకి వెళ్ళిపోయేది. తోటలో ఎవరి చెట్లు వాళ్ళవి. తన వరసలో చెట్లకి అమ్మ పేర్లు పెట్టుకుంది. కుంటిది, పీనాసిది, అత్తగారు, ఇలా.

మాది కిరస్తానపు కుటుంబం. ఆదివారం ప్రార్థన చెప్పడానికి వచ్చే అయ్యగారు ఒకసారి, క్లాంగ్‌లో అమెరికా మిషను వాళ్ళు ఆడపిల్లలకి బడి పెట్టారనీ, ఉండడానికి హాస్టలు కూడా ఉందనీ చెప్పారు. నాకప్పుడు ఏడేళ్ళు.

"గుంటని అంత దూరం పంపి ఏటి సేత్తావే?" అన్నాడు నాన్న.

"ఏటి సేత్తానా? పొద్దున్న లేస్తే అది ఎందుకు, ఇది ఎందుకని నా పేణం తీసేత్తంది. ఆ అడగడమేదో బళ్ళోకెల్లి అడుక్కోమను," అంది అమ్మ.

అలా నన్ను బళ్ళో వేశారు. దీన్ని గొప్ప ఆశయమంటారో, పిల్ల బాధ పడలేకపోవడమంటారో నాకు తెలీదు.

మేము క్లాంగ్ చేరిన రోజు కుండపోతగా వాన. అమ్మ దగ్గర ఒక నల్ల గొడుగు ఉండేది. బడి వరండాలో తెల్ల దొరసాని కనిపించగానే అమ్మ గొడుగు ముడిచేసింది. తోటలో పద్ధతి అది. దొర ఎదురైతే సైకిలు మీద వాడు దిగాలి, గొడుగు వేసుకున్నవాళ్ళు ముడవాలి, దారిలో ఉన్నవాళ్ళు పక్కకి దిగి నిలబడాలి. అమ్మ నన్ను కాలవ పక్కకి లాగి, వానలో తల వంచుకుని నిలబడింది. నేనూ నిలబడ్డాను.

ఆ అమెరికా ఆవిడకి తోటల మర్యాద ఏం తెలుసు? మా గొడుగు పాడైపోయిందనుకుంది పాపం. తన గొడుగు తెచ్చి, తెరిచి, అమ్మ చేతిలో పెట్టింది. అమ్మ దాన్నీ ముడిచింది. ఆవిడ మళ్ళీ తెరిచింది. అమ్మ మళ్ళీ ముడిచింది. ఈలోగా ముగ్గురం తడిసి ముద్దయ్యాం. చివరికి బడి వంటమనిషి లోపల్నుంచి అరవంలో ఏదో అరిచి చెప్తే గానీ ఆవిడకి సంగతి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. కుర్చీ చూపిస్తే అమ్మ కూర్చోలేదు, నేల మీద చతికిలబడింది. అప్పుడు ఆవిడ కూడా గౌను సర్దుకుని, మా ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఒక తెల్ల మనిషి మాతో సమానంగా నేల మీద కూర్చోవడం అమ్మకీ నాకూ అదే మొదలు.

ఆ బడి అంతా ఆవిడలాగే ఉండేది. పొద్దున్న పాటతో మొదలు. తరవాత ఒక్కొక్కళ్ళం లేచి, నిన్న మనం చూసిన వింత ఏమిటో చెప్పాలి. చీమలు బల్లిని మోసుకెళ్ళాయన్నా సరే, అదే పాఠమైపోయేది. లెక్క తప్పు చేస్తే బెత్తం ఉండేది కాదు. "ఎలా చేశావో బోర్డు మీద చేసి మాకు చూపించు" అనేవారు. చూపిస్తుంటే తప్పు మనకే దొరికేది. ఎవరు మొదట, ఎవరు చివర అని ఎక్కడా రాయరు. ఏడాది చివర తల్లిదండ్రులకి ఒక ఉత్తరం రాస్తారు, అంతే. ఆ ఆవిడ తన ఊళ్ళో మంచు కురిసే పొద్దున్నల్లో తనే ఆవుల పాలు పితికేదాన్నని చెప్పేది. ఈ మాట సెలవుల్లో ఇంటికెళ్ళి చెప్తే అమ్మ చాలా సంతోషించింది. పని తెలిసిన మనిషన్న మాట, అంది.

అన్నిటికంటే నాకు వింతగా తోచింది ఇంకొకటి. ఏదైనా అడిగితే ఆవిడ ఒక్కోసారి, "నాకు తెలీదు, రేపటికి ఇద్దరం కనుక్కుందాం" అనేది. పెద్దవాళ్ళు, అందులో తెల్లవాళ్ళు, తెలీదని ఒప్పుకుంటారని నేను కలలో కూడా అనుకోలేదు. ఏడేళ్ళు అక్కడ గడిపేసరికి అడగడం నాకు ఊపిరి పీల్చుకున్నట్టు అలవాటైపోయింది. అలవాటుతో పాటు కొంచెం పొగరు కూడా పట్టిందని ఒప్పుకోవాలి.

ఆ బడి ఏడో తరగతితో ఆఖరు. పై చదువు కావాలంటే కౌలాలంపూర్‌లో ఇంగ్లీషు దొరసానులు నడిపే బడికి వెళ్ళాలి. ప్రశ్నపత్రాలు సీమ నుంచి ఓడ మీద వచ్చే పెద్ద పరీక్ష అక్కడే రాయిస్తారు. అది గట్టెక్కితే టీచరు ఉద్యోగం. అమెరికా ఆవిడ నా గురించి రెండు పేజీల ఉత్తరం రాసిచ్చి, రైలెక్కించి, కళ్ళు తుడుచుకుంది. నేనూ ఏడ్చాను.

కౌలాలంపూర్ బడి పెద్ద దొరసాని ఆ ఉత్తరం నిలబడే చదివింది. పొడుగ్గా, సన్నగా ఉండేది. సీమ నుంచి వచ్చి నాలుగైదు నెలలే అయింది. చదివి, మడిచి, "మీ ఏడో తరగతి, మా ఏడో తరగతి ఒకటి కాదు" అంది. తరవాత తన నిర్ణయం చెప్పింది. ఒక్క టెర్ము ఎనిమిదో తరగతిలో కూర్చోనిస్తుంది. టెర్ము చివరి పరీక్షలో మొత్తం మార్కులు ఆవిడ చెప్పిన గీత దాటితే అక్కడే ఉంటాను. దాటకపోతే రెండు తరగతులు కిందకి దింపుతుంది. వయసు మించిన పిల్లల్ని పై తరగతుల్లో ఉంచకూడదన్నది అప్పటి నియమం. రెండు తరగతులు దిగితే నా వయసు మించిపోతుంది. అంటే దింపడమంటే ఇంటికి పంపడమే. తోటలో నా ఈడు పిల్లలకి అప్పటికే కత్తీ బకెట్టూ ఇచ్చేశారు. ఇంటికెళ్తే మర్నాడే నా పేరూ హాజరులో పిలుస్తారు.

ఆ పని తక్కువని నేను అనడం లేదు. అమ్మ చేసిన పనిని తక్కువంటే నా నాలుక తెగిపోవాలి. కానీ నాకు చదువు కావాలి. అంతకంటే ఎక్కువగా నాకు చదువు కావాలని అమ్మకి ఉంది.

ఇంగ్లీషు వాళ్ళ బడిలో అన్నీ గంటలే. గంట కొడితే లేవాలి, గంట కొడితే వరసలో నిలబడాలి, గంట కొడితే నోరు మూసుకోవాలి. పొద్దున్న వరసలో ఒక పెద్ద క్లాసు అమ్మాయి మా గోళ్ళు చూస్తూ వెళ్ళేది. మొదటి రోజు ఆ అమ్మాయి నా ముందుకి రాగానే నేను రెండు చేతులూ చాపి, పిడికిళ్ళు బిగించి, లేని కత్తీ లేని బకెట్టూ ఎత్తి చూపించాను. తోటలో హాజరప్పుడు పనిముట్లు ఉన్నాయని అమ్మ అలాగే చూపించేది మరి. వరసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

బడిని నాలుగు జట్లు చేసి, జట్టుకో రంగు ఇచ్చారు. మనం ఆలస్యంగా వస్తే మన జట్టుకే మార్కులు తగ్గుతాయి, కాబట్టి మన జట్టు పిల్లలే మనల్ని చీల్చి చెండాడతారు. రాజుల పేర్లు వరసగా అప్పజెప్పాలి, ఎందుకు రాజయ్యాడో అడక్కూడదు. చేతిరాత గీతకి ఆనకపోతే వేళ్ళ మీద రూళ్ళకర్ర పడేది. నెలకోసారి అందరి మార్కులూ పైనుంచి కిందకి గట్టిగా చదివేవారు. చివరి పేరు గలమ్మాయి వైపు అందరూ తిరిగి చూసేవాళ్ళు. మొదటి నెల ఆ చివరి పేరు నాదే.

అలాగని అంతా చెడ్డదనను. అక్కడ మంచి ఒకటుంది, అది తెలియడానికి నాకు కొంతకాలం పట్టింది. రూళ్ళకర్ర ఎవరి మొహమూ చూసేది కాదు. తగరపు గనుల చీనా షావుకారు కూతురూ, కచేరీలో పెద్ద గుమాస్తా కూతురూ, నేనూ ఒకే బెంచీ. ఆలస్యమైతే ముగ్గురికీ ఒకటే దెబ్బ. ఆటలో ఓడిపోయి మూతి ముడుచుకుంటే గెలిచినవాళ్ళ చేత కూడా చీవాట్లే. అమెరికా బళ్ళో అందరూ నన్ను ముద్దు చేశారు. ఇక్కడ ఎవరూ ముద్దు చెయ్యలేదు, ఎవరూ తక్కువగానూ చూడలేదు. పంతం పట్టి చదివాను. రాజుల్ని వెనకనుంచి ముందుకి కూడా అప్పజెప్పగలిగేదాన్ని. మూడో నెలకి నా పేరు జాబితా మధ్యకి పాకింది.

భూగోళం పాఠం పెద్ద దొరసాని తనే చెప్పేది. ఒక రోజు పాఠం రబ్బరు. పుస్తకం సీమలో అచ్చయింది. అందులో అడవిలో ఒకడు గొడ్డలి పట్టుకున్న బొమ్మ. "పనివాళ్ళు బెరడు దాటి మానులోకి లోతుగా నరుకుతారు. ఎంత లోతుగా నరికితే అన్ని పాలు వస్తాయి. మిట్టమధ్యాహ్నపు ఎండలో పాలు బాగా కారతాయి." ఇలా రాసి ఉంది. ఆవిడ చదువుతోంది, మేము వెంట చదవాలి.

నా నోరు ఊరుకోలేదు. లేచి నిలబడ్డాను. "అలా నరికితే చెట్టు చచ్చిపోతుంది కదండీ? ఎవరు నరుకుతారు అలా?" అన్నాను.

"పుస్తకంలో ఉన్నది చదువుతున్నాం. కూర్చో."

"పుస్తకం తప్పండీ. మా పాత బళ్ళో అయితే, కనుక్కుందాం అనేవారు."

"ఇది మీ పాత బడి కాదు," అంది ఆవిడ, గొంతు పెంచకుండానే. నడవడిక పుస్తకంలో నా పేరు పక్కన తలబిరుసు అని రాసింది. పుస్తకానికి ఎదురు చెప్పను అని యాభైసార్లు రాయమంది. రాశాను. చేతిరాత బాగా కుదిరింది కూడా.

నెల తిరక్కుండా టెర్ము పరీక్ష. భూగోళం పేపరులో అదే ప్రశ్న, పది మార్కులకి: రబ్బరు ఎలా తీస్తారో వివరించుము. పుస్తకంలో వాక్యాలు నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. అవి దించేస్తే పది మార్కులూ నావే. కలం సిరాలో ముంచి, గొడ్డలి అని రాశాను కూడా. ఆ మాట కాగితం మీద చూసేసరికి చెయ్యి ఆగిపోయింది. పద్నాలుగేళ్ళుగా మా అమ్మ ఒక్క చెట్టు మానుకి కూడా కత్తి తగలనివ్వలేదు. తగిలితే మా చేత పని చేయించే కంగాణి ఊరుకోడు సరే, కంగాణి చూడకపోయినా అమ్మకి ఆ పూట అన్నం సయించదు. అలాంటిదాన్ని పట్టుకుని, గొడ్డలితో నరుకుతుందని నేనే రాయనా? గొడ్డలి కొట్టేసి, అమ్మ ఎలా గీస్తుందో అలాగే పేజీన్నర రాశాను. రాస్తున్నంతసేపూ గర్వంగానే ఉంది.

పదికి సున్నా వచ్చింది. మొత్తం మీద ఆవిడ చెప్పిన గీతకి ఆరు మార్కులు తగ్గాను. ఆ రోజే మా ఇంటికి ఉత్తరం వెళ్ళింది, పిల్ల సంగతి మాట్లాడాలి, వచ్చి తీసుకెళ్ళడానికి సిద్ధంగా రండి అని.

నాన్న పొగ ఇల్లు వదిలి రాలేడు, నిప్పు ఆరితే రేకులు బూజు పట్టిపోతాయి. అమ్మే ఒక రోజు సెలవడిగి, బస్సూ రైలూ మారి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, నా బట్టలు పెట్టుకోవడానికి ఖాళీ సంచి ఒకటి చంకన పెట్టుకుంది. ఆ సంచి చూడగానే నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

పెద్ద దొరసాని గదిలోకి వెళ్ళగానే అమ్మ అలవాటు ప్రకారం నేల మీద కూర్చోబోయింది. "ఆగండి" అంది ఆవిడ. తనే లేచి, గోడ పక్కనున్న కుర్చీ తెచ్చి బల్ల ముందు వేసింది. "నా గదిలోకి వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చుంటారు. అది ఇక్కడి నియమం అని మీ అమ్మగారికి చెప్పు." అమ్మ కుర్చీ అంచున, ఎప్పుడైనా లేచిపోవడానికన్నట్టు కూర్చుంది. ఒకావిడ మా కోసం నేల మీదకి దిగింది, ఒకావిడ అమ్మని కుర్చీలోకి ఎక్కించింది. రెంటిలో ఏది పెద్ద మర్యాదో ఇన్నేళ్ళైనా నేను తేల్చుకోలేకపోయాను.

ఆ గదిలో రెండు భాషలూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నా మీద చాడీలు నేనే తెలుగులోకి మార్చి చెప్పాలి. నాలుగు మాటలు మింగేస్తే అడిగేవాళ్ళు లేరు. మింగుదామనే అనుకున్నాను. కానీ అమ్మ నా మొహంలోకే చూస్తోంది.

"నేను తలబిరుసుదాన్నట. క్లాసులో పుస్తకానికి ఎదురు చెప్పానట. మార్కులు తగ్గాయి, తీసుకెళ్ళిపోమంటున్నారు," అని ఉన్నదున్నట్టు చెప్పాను.

అమ్మ మొహం మాడిపోయింది. "ఒలే, నిన్ను సదూకోమని పంపితే ఎదురు సెప్పినావేటే? ఏటని సెప్పినావు?"

పుస్తకంలో ఏముందో చెప్పాను. గొడ్డలీ, మానులోకి లోతుగా నరకడం, మిట్టమధ్యాహ్నం ఎండ, అన్నీ. అమ్మ వింటూ వింటూ నా సంగతి మర్చిపోయింది. కుర్చీ అంచు నుంచి లేచి నిలబడింది.

"మానులోకి నరుకుతారా? ఏ తోటలోన? ఈయమ్మకి తెలిసిన తోటేనా? బేగి సెప్పమను ఆ దొరకి, సెట్లన్నీ సచ్చిపోతాయి! మద్దినేల పాలేటి వత్తాయి, ఎండెక్కితే పాలు గాటులోనే గడ్డ కట్టీయవా? పాపం, ఎన్ని సెట్లు నరికీసినారో ఏటో..."

దొరసాని నా వైపు చూసింది. "ఏమంటోంది?"

ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాను. అది ఏ తోట అని అడుగుతోంది, ఆ యజమానికి వెంటనే కబురు పెట్టమంటోంది, చెట్లు చచ్చిపోతాయట, అన్నాను.

ఆవిడ, "ఈ మాటలు మీ అమ్మవా, నీవా?" అంది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. అబద్ధం చెప్పేదాన్నైతే ఇక్కడిదాకా ఎందుకొస్తుంది వ్యవహారం? గొడ్డలి అని రాసి పది మార్కులూ పట్టుకుపోయేదాన్ని కదా? నోటిదాకా వచ్చింది. కానీ ఆవిడ నన్ను చూడడం లేదు. అమ్మ చేతులు చూస్తోంది. అమ్మ కుడి చేతి వేళ్ళ మధ్యన ఎండిన పాలు నల్లగా పట్టేసి, ఎంత తోమినా పోయేవి కావు. బొటనవేలి కింద కత్తి పిడి రాసుకుని కాయ కాసింది.

"ఎలా చేస్తారో చూపించమను," అంది ఆవిడ.

అమ్మ చుట్టూ చూసింది. బల్ల మీద పైన ఎర్ర రంగు పూసిన పెన్సిలు ఒకటి, పక్కన చిన్న చాకూ ఉన్నాయి. అడక్కుండానే తీసుకుంది. దొరల వస్తువు ముట్టుకుందని నేను అమ్మ కొంగు పట్టి లాగాను. అమ్మకి ఆ ధ్యాసే లేదు. పనిలో పడితే అమ్మకి ఎదుట ఎవరున్నా లెక్కలేదు.

"సెప్పు ఈయమ్మకి. ఈ ఎర్రరంగు సెట్టు పైతోలు. దీని కింద కర్ర, అది బెరడనుకోమను. లోపల నల్లగా ఉందే, అది మాను. మానుకి కత్తి తగిలిందా, పుండు పడతాది. మల్లీ అక్కడ బెరడు రాదు. పాలు బెరడులోనే ఉంటాయి, మానులో ఉండవు."

చెప్తూనే పెన్సిలుని నిలువుగా పట్టుకుని, ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా చాకూ దింపింది. ఉల్లిపొరంత పల్చటి చుట్ట ఒకటి లేచి బల్ల మీద పడింది. గాటు కింద ఇంకో గాటు, దాని కింద ఇంకొకటి. ఎక్కడా నలుపు కనిపించలేదు. ఒక పూటకి ఒక్క పొరే తీయాలనీ, చల్లబాటున తీస్తేనే పాలు జారతాయనీ, వానకి బెరడు తడిస్తే ఆ పూట మానుకోవాలనీ అమ్మ చెప్తుంటే నేను ఇంగ్లీషులో చెప్పుకుంటూ పోయాను. అప్పటిదాకా నేను ఎన్ని ఇంగ్లీషు మాటలు నేర్చుకున్నానో, అన్నీ ఆ పావుగంట కోసమే నేర్చుకున్నాననిపించింది.

దొరసాని చెయ్యి చాపి చాకూ తీసుకుంది. సొరుగులోంచి ఇంకో పెన్సిలు తీసి, తనూ గాటు పెట్టింది. చాకూ సూటిగా లోపలికి దిగి, నల్ల సీసం పుటుక్కున విరిగింది.

"అద్దీ, సచ్చిపోనాది," అంది అమ్మ.

నేను అదీ చెప్పాను. చెప్పక ఏం చెయ్యను?

అప్పుడు అమ్మ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు పులకరిస్తుంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, కొత్తగా పనిలో చేరిన పిల్లకి నేర్పినట్టు, ఆ దొరసాని మణికట్టు పట్టుకుంది. "గట్టిగా నొక్కకమ్మా. సేతికి తెలవాల, కంటికి కాదు." తోటలో దొర కనిపిస్తే కాలవలోకి దిగి నిలబడే మనిషి, దొరసాని చెయ్యి పట్టుకుని దిద్దుతోంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. పెదాలు బిగించి, నుదురు ముడిచి, అచ్చం పరీక్షకి కూర్చున్న పిల్లలా, మూడోసారికి ఒక పొర సరిగ్గా తీసింది. ఆ పొరని వేళ్ళతో ఎత్తి వెలుతురులో చూసుకుంది.

తరవాత సొరుగు తెరిచి నా భూగోళం పేపరు బయటికి తీసింది. పేజీన్నరా మళ్ళీ చదివింది. మధ్యలో రెండుసార్లు ఆగి, చిప్ప ఎక్కడ కడతారని ఒకటి, పాలు ఎన్నింటికి పోగు చేస్తారని ఒకటి అడిగింది. నన్ను కాదు, అమ్మని. అమ్మ చెప్పిన జవాబు పేపరులో ఉందో లేదో వేలు పెట్టి చూసుకుంది. ఉంది. సున్నా మీద ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, పక్కన తొమ్మిది వేసి, కింద తన సంతకం పెట్టింది. ఒక మార్కు చేతిరాతకి తగ్గించానంది. మొత్తం గీత కంటే మూడు ఎక్కువైంది.

"సోమవారం నీ చోట నువ్వు కూర్చో," అంది నాతో. "ఇకమీదట పుస్తకం తప్పనిపిస్తే రుజువుతో లే. ఉత్త నోటితో లేవకు." క్షమించమని ఆవిడ అనలేదు. అమెరికా ఆవిడైతే నన్ను కావలించుకుని ఏడ్చేది. ఈవిడ అడ్డగీత గీసింది. ఆ పూట నాకు ఆ గీతే గొప్పగా కనిపించింది. నడవడిక పుస్తకంలో తలబిరుసు అన్న మాట మాత్రం అలాగే ఉంచేసింది. అది నిజమే కాబట్టి నేనూ పేచీ పెట్టలేదు.

అమ్మ లేస్తే ఆవిడా లేచింది. గేటు దాకా వచ్చి సాగనంపింది. నేను అమ్మతో స్టేషనుకి నడిచాను. పక్కన మా అమ్మ నడుస్తోందని దారిలో ప్రతి మనిషినీ ఆపి చెప్పాలనిపించింది. అమ్మ మాత్రం, మర్నాటి హాజరుకి అందుకోవాలని, ఖాళీ సంచి మడిచి బొడ్లో దోపుకుని గబగబా నడుస్తోంది. గదిలో అంతసేపు జరిగినదాంట్లో తనకి ఏం అర్థమైందో అని నాకు అనుమానం వచ్చింది.

"అమ్మా, నేను పాసైపోయాను. తెలిసిందా నీకు?"

"నువ్వు పాసవుతావని నాకు తెలీదేటే? నా బెంగంతా ఆ దొరసాని గురించే," అంది అమ్మ, నడక ఆపకుండానే. "పర్లేదులే. ఆయమ్మా పాసైపోనాది."